డీ డీ వెళ్లాక వచ్చిన కుర్రాడు: రామోన్స్‌లో సీజే గురించి మాట్లాడుకుందాం

బేస్‌తీగ, విశాఖపట్నం
శుక్రవారం, రాత్రి 9:42

అందరికీ నమస్కారం. ఈ చర్చ మొదలుపెట్టాలని చాలా రోజుల నుంచి అనుకుంటున్నాను. ఇవాళ ఇంటికొచ్చి రామోన్స్ లైవ్ ఆల్బమ్ 'లోకో లైవ్' మొదటి పాట నుంచి చివరి పాట దాకా విన్నాక ఇక ఆగలేకపోయాను.

న్యూయార్క్ పంక్ రాక్ బ్యాండ్ రామోన్స్ అనగానే మనలో చాలామందికి 1976 నాటి మొదటి ఆల్బమ్ అట్ట కళ్లముందుకొస్తుంది. ఇటుక గోడ, దాని ముందు తోలు జాకెట్లేసుకుని నలుగురు: పాడే జోయీ, గిటార్ జానీ, బేస్ గిటార్ డీ డీ, డ్రమ్స్ టామీ. నేను మాత్రం ఆ ఇంట్లోకి పెరటి గుమ్మంలోంచి వచ్చాను. మా మావయ్య దుబాయ్ నుంచి తెచ్చిన క్యాసెట్లలో ఈ లైవ్ రికార్డింగ్ ఒకటి ఉండేది. 1991 మార్చిలో బార్సిలోనాలో చేసింది. 'వన్ టూ త్రీ ఫోర్' అన్న కేక నేను జీవితంలో మొదటిసారి విన్నది అందులోనే, అది సీజే గొంతు. డీ డీ అనే ఆయన ఒకాయన ఉండేవాడని నాకు ఆ తర్వాతెప్పుడో తెలిసింది.

తెలియనివాళ్ల కోసం కథ చెప్తాను. 1989లో 'బ్రెయిన్ డ్రెయిన్' ఆల్బమ్ అయ్యాక డీ డీ బ్యాండ్ వదిలేశాడు. పదిహేనేళ్ల పాటు బేస్ వాయించి, పాటల్లో పెద్ద వాటా రాసిన మనిషి. ఆయన చోటు కోసం ఆడిషన్లు పెట్టారు. మొట్టమొదట వచ్చినవాడు క్రిస్టఫర్ జోసెఫ్ వార్డ్, అదే మన సీజే. 23 ఏళ్లు. న్యూయార్క్‌లోని క్వీన్స్‌లో పుట్టి లాంగ్ ఐలాండ్‌లో పెరిగినవాడు. ఒక మెటల్ బ్యాండ్‌లో వేళ్లతో బేస్ వాయించేవాడు, చిన్నప్పటి నుంచీ రామోన్స్ అంటే ప్రాణం. అప్పటికి అమెరికా మెరైన్స్‌లో ఉన్నాడు, సెలవు లేకుండా బయటికొచ్చేశాడు. ఆడిషన్ తర్వాత పట్టుకెళ్లి సైనిక జైల్లో పెట్టారు. జానీ రామోన్ అక్కడికే ఫోన్ చేశాడు: వాళ్లు చెప్పినట్టు విని శిక్ష ముగించుకుని రా, ఉద్యోగం నీ కోసం ఉంటుంది అని.

ఆ ఫోన్ సంగతి తలుచుకున్నప్పుడల్లా నాకు ఒళ్లు జలదరిస్తుంది. న్యూయార్క్‌లో బేస్ వాయించేవాళ్లకి కొదవా? ముక్కుసూటి మనిషి, డబ్బు దగ్గరా సమయం దగ్గరా ఖచ్చితంగా ఉండే జానీ, జైల్లో ఉన్న ఒక కుర్రాడి కోసం ఆగాడు.

1989 సెప్టెంబర్ 30న ఇంగ్లండ్‌లోని లెస్టర్‌లో సీజే మొదటి కచేరీ. అప్పటి నుంచి 1996 ఆగస్టు 6న హాలీవుడ్‌లోని ప్యాలెస్‌లో జరిగిన 2,263వ కచేరీ దాకా, అంటే ఆఖరిదాకా, బేస్ అతని భుజానే ఉంది. ఏడేళ్లు! అయినా ఎక్కడ చదివినా 'డీ డీకి బదులు వచ్చినవాడు' అన్న ఒక్క ముక్కతో సరిపెడతారు. దత్తతకి వచ్చి ఇల్లు నిలబెట్టిన కొడుకుని చచ్చేదాకా దత్తుడు అనే పిలిచినట్టుంటుంది నాకు. మీ మాట చెప్పండి.

పాతక్యాసెట్, విజయవాడ
శుక్రవారం, రాత్రి 10:25

తమ్ముడూ, మనసుపెట్టి రాశావు. సీజే మీద నాకు గౌరవమే. కానీ డీ డీ సంగతి ఒక్క వాక్యంలో దాటేశావు, అది నేను ఒప్పుకోను.

నువ్వు దత్తత గురించి, ఇల్లు నిలబెట్టడం గురించి మాట్లాడుతున్నావు కదా, ఆ ఇంటికి ఇంటిపేరు పెట్టిందే డీ డీ. బీటిల్స్ తొలినాళ్లలో పాల్ మెక్‌కార్ట్‌నీ పాల్ రామోన్ అనే మారుపేరు వాడేవాడు. అది నచ్చి డగ్లస్ కోల్విన్ తన పేరు డీ డీ రామోన్ అని మార్చుకున్నాడు. మిగతావాళ్లు ఆయన్ని చూసి పెట్టుకున్నారు. నలుగురిలో ఎవరూ అన్నదమ్ములు కారు, ఒక కడుపున పుట్టలేదు. అయినా నలుగురికీ ఒకే ఇంటిపేరు. ఆ ఊహ డీ డీది.

సైనికుడి కొడుకు. జర్మనీలో పెరిగాడు, తల్లిదండ్రులు విడిపోయాక తల్లితో క్వీన్స్ చేరాడు. మత్తుమందు ఆయన్ని చిన్న వయసులోనే పట్టుకుంది, ఆఖరికి 2002 జూన్‌లో దానితోనే పోయాడు. ఆ బతుకంతా రెండు నిమిషాల పాటల్లో పెట్టాడు. వేసవిలో క్వీన్స్ పిల్లలు సముద్రానికి బయల్దేరే సరదా రాసినా ఆయనే, న్యూయార్క్ వీధి మూలన నిలబడి ఒళ్లమ్ముకునే కుర్రాడి కథ రాసినా ఆయనే. అన్నీ తెలిసిన చిన్నచిన్న మాటలు, ఎక్కడా అలంకారం ఉండదు.

బేస్ ఎవరైనా నేర్చుకుంటారు. ఆ గుండె ఎక్కడి నుంచి తెస్తారు? నా దగ్గర 'ఇట్స్ అలైవ్' క్యాసెట్ ఉంది. 1977 డిసెంబర్ 31 రాత్రి లండన్ రెయిన్‌బో థియేటర్‌లో 28 పాటలు గంటలోపు వాయించేశారు. నేను ఆ రామోన్స్ దగ్గరే ఉండిపోయాను.

డ్రమ్ముపుల్ల, హైదరాబాద్
శుక్రవారం, రాత్రి 11:10

పాతక్యాసెట్ అన్నా, నువ్వు చెప్పింది నిజమే, కానీ ఒక్క మాట. ఆ బ్యాండ్‌ల మనుషులు మారుడు 1989ల మొదలు కాలే. పుట్టిన ఏడాదే మొదలైంది. నేను డ్రమ్స్ వాయిస్త కాబట్టి డ్రమ్స్ వైపు నుంచి చెప్త.

1974ల మొదట డ్రమ్స్ మీద కూసున్నది జోయీ. ఆయన్ని పాడటానికి ముందుకు పంపినంక డ్రమ్మర్ కోసం ఎందర్నో చూసిండ్రు. వచ్చినోళ్లందరు తమ పనితనం చూపిస్తున్నరు, మస్తు రోల్సు కొడుతున్నరు. వీళ్లకు కావాల్సింది అది కాదు. టామీ అప్పటికి వాళ్ల వెనక ఉండి నడిపిస్తున్న మనిషి, డ్రమ్మరే కాదు. ఇట్ల కొట్టాలె అని కూసొని చూపెట్టిండు. చూపెట్టినోడే ఉండిపోయిండు. బుడాపెస్ట్‌ల పుట్టి వచ్చిన పిల్లగాడు పంక్ డ్రమ్స్‌కు ఒరవడి దిద్దిండు.

1978ల టామీ తిరిగి తిరిగి అలిసిపోయి పక్కకు జరిగిండు. కోపంతోని పోలే. మార్కీ వచ్చినంక చేసిన 'రోడ్ టు రూయిన్' రికార్డును ఎడ్ స్టేసియంతోని కలిసి ప్రొడ్యూస్ చేసింది టామీయే. తన కుర్చీల ఇంకొకన్ని కూసోబెట్టి, ఆ కుర్చీ ఊగకుండ పట్టుకున్నడు అన్నట్టు. మార్కీ అప్పటికే పేరున్న డ్రమ్మర్, రిచర్డ్ హెల్ అనే పంక్ గాయకుని దగ్గర వాయించిండు. గట్టోడు. అయినా టామీ పద్ధతి నేర్చుకున్నడు. 1983ల తాగుడు వల్ల మార్కీని తీసేసిండ్రు, రిచీ వచ్చిండు. రిచీ పాటలు గూడ రాసిండు, బ్యాండ్‌కు మళ్ల ఊపిరి పోసిండని జోయీయే మెచ్చుకున్నడు. 1987ల టీషర్టుల అమ్మకం పైసలల్ల వాటా ఇయ్యలేదని వెళ్లిపోయిండు.

అప్పుడు వచ్చిండు క్లెమ్ బర్క్. బ్లాండీ అనే బ్యాండ్ డ్రమ్మర్. న్యూయార్క్‌ల సీబీజీబీ అనే క్లబ్బుల వీళ్లతోని పెరిగినోడు, నా లెక్కల ఆ తరంల అందరికంటె గొప్ప చెయ్యి. ఎల్విస్ రామోన్ అని పేరు పెట్టిండ్రు. 1987 ఆగస్టుల రెండే రెండు కచేరీలు. అంతే. హై-హ్యాట్ (డ్రమ్స్ పక్కనుండే జంట తాళాలు) మీద ఆగకుండ ఉరికే దెబ్బ ఆయన చేతిల లేకుండె. ఆయనది ఊగే చెయ్యి, పాట నడుమ గాలి ఆడాలె. రామోన్స్ పాటల్ల గాలికి చోటు లేదు. మార్కీ తాగుడు మానేసి తిరిగొచ్చిండు.

అందుకే చెప్తున్న. ఇంత పెద్ద వాద్యగాడు రెండు రాత్రులు నిలబడలేకపోయిన చోట సీజే ఏడేండ్లు నిలబడ్డడు. 'ఎవరైనా నేర్చుకుంటరు' అనకు అన్నా.

చిన్నా_కడప
శనివారం, ఉదయం 7:05

అన్నలకు నమస్తే. నేను బేస్ కొని నాలుగు నెల్లయింది. యూట్యూబ్ చూసి నేర్చుకుంటాండా. ఒకటి అడుగుతా. సీజే వేళ్లతో వాయించేవాడని రాసినారు కదా, మరి రామోన్స్‌లోకి పోయినంక వేళ్లు వద్దన్నారంట, ఎందుకు? వేళ్లతో వాయించినా అదే స్వరం కదా వచ్చేది?

బేస్‌తీగ
శనివారం, ఉదయం 8:30

చిన్నా, మంచి ప్రశ్న. అసలు కథంతా అక్కడే ఉంది.

జానీ అన్నీ కిందికే మీటేవాడు. మామూలుగా గిటార్ వాయించేవాళ్లు పిక్‌ని, అంటే తీగ మీటే చిన్న బిళ్లని, ఒకసారి కిందికి, ఒకసారి పైకి ఆడిస్తారు. చేతికి సగం శ్రమ తప్పుతుంది. కానీ పైకి మీటిన దెబ్బ ఎంత చేసినా కాస్త తేలిగ్గా పడుతుంది. అన్నీ కిందికే కొడితే ప్రతి దెబ్బా ఒకే బరువుతో పడుతుంది, గిటార్ మోత గోడలా నిలబడుతుంది. బేస్ కూడా పిక్‌తో, కిందికే, అదే క్షణంలో పడాలి. అప్పుడు ఆ రెండూ విడివిడిగా వినిపించవు. వేళ్లతో వాయిస్తే స్వరం అంచు మెత్తగా, గుండ్రంగా వస్తుంది. ఆ మోతలో కలిసిపోయి కనపడకుండా పోతుంది.

ఇప్పుడు లెక్క చూడు. నిమిషానికి 180 తాళం దెబ్బలు అనుకో, ఒక్కో దెబ్బకి రెండు మీటులు. సెకనుకి ఆరు. రెండు నిమిషాల పాటకి 720. కచేరీకి 30కి పైగా పాటలు. మధ్యలో కబుర్లు లేవు, నీళ్లు తాగే వ్యవధి లేదు, ఒక పాట ఆఖరి మోత ఆరకముందే ఇంకో 'వన్ టూ త్రీ ఫోర్'. ఆ కేక వేసే పనీ బేస్ వాడిదే. పైగా తీగలు మోకాళ్ల దాకా దిగేంత కిందికి బేస్ వేలాడేసుకోవాలి, కాళ్లు చాపి నిలబడాలి, జానీ ముందుకు నడిచినప్పుడు తనూ అదే అడుగుతో ముందుకు నడవాలి, వెనక్కి వస్తే వెనక్కి రావాలి.

నేను మొదలుపెట్టినప్పుడు నొప్పి మణికట్టులో వస్తుందనుకున్నాను. రాలేదు. మోచేతి కింద, లోపలివైపు కండలో సన్నగా మంట మొదలవుతుంది. అది తెలియగానే బొటనవేలు భయపడి పిక్‌ని గట్టిగా నొక్కుతుంది. అక్కడే పాట జారిపోతుంది. గట్టిగా పట్టుకున్న కొద్దీ చెయ్యి నెమ్మదిస్తుంది. పట్టు వదులుగా ఉంచి, బరువు మణికట్టు మీదే వదిలేయడం నాకు ఏడాది పట్టింది. నా పిక్‌లన్నీ ఒకే మూల వాలుగా అరిగిపోయి ఉంటాయి. ఒక డబ్బాలో దాచాను, పారేయబుద్ధి కాలేదు.

వేళ్లతో ఏళ్ల తరబడి వాయించినవాడు ఆ అలవాటంతా పక్కనపెట్టి ఇది నేర్చుకున్నాడు. అదీ నెలల వ్యవధిలో. చేతకానివాడు నేర్చుకోవడం ఒక ఎత్తు, చేతనైనవాడు తన చేతిని మార్చుకోవడం ఇంకో ఎత్తు.

ఎడిసన్_సుధ, న్యూజెర్సీ
శనివారం, ఉదయం 10:15 (ఇక్కడ ఇంకా నిన్నటి అర్ధరాత్రి)

ఈ చర్చ చూసి చాలా సంతోషమేసింది. మా వారికి ఈ సంగీతం పడదు, మాట్లాడుకోవడానికి మీరే దిక్కు.

మేం నెలకోసారి ఫ్లషింగ్ గణపతి గుడికి వెళ్తాం. దర్శనం, కింద క్యాంటీన్‌లో దోసె, తిరుగు ప్రయాణం. ఓసారి పిల్లల్ని ఆయనకి అప్పజెప్పి అక్కడి నుంచి ఫారెస్ట్ హిల్స్ వెళ్లాను, అదీ క్వీన్స్‌లోనే, దగ్గరే. మొదటి నలుగురూ కలిసిన పేట అది. ఫారెస్ట్ హిల్స్ హైస్కూల్ దగ్గర, 67వ ఎవెన్యూ, 110వ వీధి కలిసే మూల ఒక స్తంభానికి ఆకుపచ్చ బోర్డు ఉంది: 'ది రామోన్స్ వే'. 2016లో పెట్టారు. చుట్టూ చెట్లు, ఇటుక మేడలు, కిరాణా సంచులతో వెళ్లే ముసలివాళ్లు. మన మోడల్ కాలనీల్లా ఎంత నెమ్మదిగా ఉందో! ఇంత నిశ్శబ్దంలోంచా ఆ హోరు పుట్టింది అనిపించింది. కాసేపు అలా నిలబడిపోయాను.

మాన్‌హాటన్‌లో బవరీ దగ్గర జోయీ ఒక్కడి పేరుతో ఇంకో వీధి బోర్డు ఉంది. సీబీజీబీ ఉన్న చోట నేను వెళ్లినప్పుడు బట్టల కొట్టు ఉంది. అక్కడ నాకు ఏమీ అనిపించలేదు. ఈ స్కూలు మూలనే అనిపించింది. ఎందుకంటే ఈ బోర్డు మీద ఎవరి సొంత పేరూ లేదు. ఇంటిపేరు ఒక్కటే ఉంది. అంటే అది సీజేది కూడా కదా? రిచీది కూడా. రెండు రాత్రుల ఎల్విస్‌ది కూడా.

తెనాలి_మనవరాలు
శనివారం, సాయంత్రం 5:50

నాకు పంక్ గురించి మీ అంత తెలియదు. మా అబ్బాయి వింటుంటే చెవిన పడినదే. కానీ ఇంటిపేరు మాట వచ్చేసరికి రాయాలనిపించింది.

మా తాతయ్య పద్యనాటకాలకి హార్మోనియం వాయించేవారు. ఒక సమాజంలో పేరు మోసిన హార్మోనిస్టు జబ్బుపడితే ఆయన స్థానంలో ఈయన్ని కూర్చోబెట్టారు. కృష్ణ పాత్రధారికి పాత హార్మోనిస్టుతో పన్నెండేళ్ల పొత్తు. ఎక్కడ ఊపిరి తీసుకుంటాడో, రాగం ఎక్కడ విరుస్తాడో పెట్టెకి తెలుసు. మొదటి రాత్రి తాతయ్య స్వరాలన్నీ సరిగ్గానే వాయించారట. అయినా ఒక పద్యం చివర కృష్ణ పాత్రధారి ఆలాపన ఎత్తుకుని, ఒక్క క్షణం పెట్టె వైపు ఓరగా చూశారట. అంతే. ఏమీ అనలేదు. ఆ రాత్రి ఎవరూ వన్స్‌మోర్ కూడా అనలేదు. తాతయ్య ఎనభై ఏళ్లు దాటాక కూడా ఆ ఓరచూపు గురించి చెప్పేవారు.

తర్వాత ఆయన చేసిన పని ఏమిటంటే, పాతాయన దగ్గరికే వెళ్లారు. మంచం పక్కన కూర్చుని, 'అతను రాగం విరిచేముందు మీరేం చేస్తారు?' అని అడిగారు. ఆయన చెప్పారట: 'ఏమీ చెయ్యను. ఆగుతాను.'

ఇక సురభి వాళ్లని మర్చిపోతే ఎలా? 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో వనారస గోవిందరావుగారు మొదలుపెట్టారు. కుటుంబం ఇంటిపేరు వనారస, కానీ జనం నోట్లో ఆ నటులందరి ఇంటిపేరూ సురభే. ఊరి పేరు నాటకం పేరయింది, నాటకం పేరు మనుషుల పేరయింది. ఒకరి తర్వాత ఒకరు అదే కిరీటం పెట్టుకున్నారు. రామోన్స్ సంగతి చదువుతుంటే నాకు వాళ్లే గుర్తొచ్చారు.

సౌండ్‌చెక్, బెంగళూరు
శనివారం, రాత్రి 8:20

సుధక్కా, తెనాలి అమ్మా, మీ పోస్టులు చదివాక నాదీ చెప్పుకోవాలనిపించింది.

ఇంజనీరింగ్‌లో ఉండగా ఒక బ్యాండ్‌లో పాత గాయకుడు చదువు అయిపోయి వెళ్లిపోతే నన్ను తీసుకున్నారు. మూడు నెలలు సాధన చేశాను. ఇంకో కాలేజీ ఉత్సవంలో మొదటి కచేరీ. అక్కడికి వెళ్లి చూస్తే స్టేజీ వెనక కట్టిన ఫ్లెక్సీ మీద పాతవాడి ఫొటో ఉంది. నిర్వాహకులకి వారం ముందే కొత్త ఫొటో పంపాం. మార్చమంటే 'ఇప్పుడేం చేస్తాం, ఎవరు చూస్తారు' అన్నారు. చూశారు. రెండు పాటల సేపు జనం అతని పేరే అరిచారు. నేను పాడుతూనే ఉన్నాను, నా వెనక ఆరడుగుల ఎత్తున అతని మొహం ఉంది. మా డ్రమ్మర్ మూడో పాటకి ముందు లేచి వచ్చి నా భుజం మీద చెయ్యి వేసి మైకులో నా పేరు చెప్పాడు. ఈ రోజుకీ వాడంటే నాకు అంత ప్రేమ.

అందుకే నాకు బ్లాక్ ఫ్లాగ్ అనే అమెరికా పంక్ బ్యాండ్‌లో హెన్రీ రోలిన్స్ కథ ఇష్టం. అప్పటికే ఆ బ్యాండ్‌లో ముగ్గురు గాయకులు అయ్యారు. 1981లో వాషింగ్టన్‌లో ఐస్‌క్రీమ్ కొట్టులో పనిచేసే ఈ కుర్రాడు న్యూయార్క్‌లో వాళ్ల కచేరీకి వెళ్లి, స్టేజీ ఎక్కి ఒక పాట పాడాడు. తర్వాత వాళ్లే పిలిచారు. అతని ముందు పాడిన డెజ్ కడేనా బ్యాండ్ వదల్లేదు, గిటార్ పట్టుకుని పక్కనే నిలబడ్డాడు. ముందువాడు పక్కనే నిలబడితే కొత్తవాడికి ఎంత ధైర్యమో, అనుభవించినవాడికే తెలుస్తుంది. సీజేకి అలా డీ డీ పక్కన లేడు కదా పాపం.

పాతక్యాసెట్
శనివారం, రాత్రి 9:45

బాబూ, నీ పోస్టు కదిలించింది. ఆ ఫ్లెక్సీ సంగతి చాలా అన్యాయం.

కానీ చివరి మాట సరిదిద్దాలి, అది నా వాదనకి ఎదురెళ్లినా సరే. డీ డీ బ్యాండ్ వదిలాడు కానీ పాటలివ్వడం ఆపలేదు. 1992లో 'మోండో బిజారో' వచ్చినప్పుడు అందులో మూడు పాటలు డీ డీ, డేనియల్ రే కలిసి రాసినవి. ఒకటి జోయీ పాడాడు. మిగతా రెండూ సీజే పాడాడు. వాటిలో 'స్ట్రెంగ్త్ టు ఎండ్యూర్' ఈ మధ్యాహ్నం మళ్లీ విన్నాను, మీ అందరి మాటలూ చదివాక. ఇన్నేళ్లూ నేను దాన్ని డీ డీ పాటగా విన్నాను, పాడేది ఎవరన్నది పట్టించుకోలేదు. ఓర్చుకునే బలం గురించి పాట. రాసినవాడు వెళ్లిపోయినవాడు, పాడేవాడు ఇరవయ్యారేళ్లవాడు. ఆ గొంతులో డీ డీ గరుకుతనం లేదు, అనుకరించే ప్రయత్నమూ లేదు. శుభ్రంగా, నిటారుగా నిలబడి పాడాడు. ఆగి రెండోసారి విన్నాను.

1996లో ఆఖరి కచేరీకి డీ డీ వచ్చి ఒక పాట పాడాడు. మధ్యలో మాటలు మర్చిపోయాడు. అది చూసినప్పుడల్లా నాకు కళ్లు చెమర్చేవి, డీ డీ కోసం. ఇవాళ తోచింది, ఆ పాట ఆగిపోకుండా బేస్ పట్టుకుని నిలబెట్టినవాడు ఒకడు పక్కనే ఉన్నాడని.

గుండె డీ డీదే అని ఇప్పటికీ అంటాను. కానీ 'బేస్ ఎవరైనా నేర్చుకుంటారు' అన్నాను చూశారా, ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను.

డ్రమ్ముపుల్ల
శనివారం, రాత్రి 10:05

పాతక్యాసెట్ అన్నా, దండం నీకు.

ఇంకొకటి గుర్తు చేస్త. 2002ల రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లకు రామోన్స్‌ను తీసుకున్నప్పుడు ఐదుగురి పేర్లే పెట్టిండ్రు. జోయీ, జానీ, డీ డీ, టామీ, మార్కీ. జోయీ అప్పటికే లింఫోమా అనే క్యాన్సర్‌తోని పోయిండు, ఏడాది గూడ కాలే. సీజే పేరు లేదు, రిచీ పేరు లేదు. మొదటి ఐదుగురు అర్హులే, అండ్ల మాట లేదు. మరి 1989 నుంచి 1996 దాక ఊరూరు తిరిగి ఆ పేరు మోసినోని సంగతి ఏంది? ఆ ఏండ్లల్ల జోయీ, జానీ ఒకరితో ఒకరు మాట్లాడుకునేటోళ్లు కాదు. ఒకే వ్యాన్‌ల, మాటల్లేకుండ. ఆ నడుమల కూసున్న కుర్రోడు ఈయన. అది లెక్కకు రాదా? నాకు దీని మీద ఎప్పటికీ కోపమే.

బేస్‌తీగ
శనివారం, రాత్రి 11:30

పాతక్యాసెట్ గారూ, మీరు ఆ పాట రెండోసారి విన్నానని రాయడం చాలు నాకు.

డ్రమ్ముపుల్ల, హాల్ ఆఫ్ ఫేమ్ సంగతిలో నీ కోపమే నాదీ. కానీ 1996 మార్చి 16న బ్యూనస్ ఐరిస్‌లో రివర్ ప్లేట్ ఫుట్‌బాల్ స్టేడియంలో వాయించారు, రాక్ గాయకుడు ఇగ్గీ పాప్ కూడా ఉన్నాడు. అమెరికాలో క్లబ్బులూ చిన్న హాళ్లూ తిరిగిన బ్యాండ్‌కి అర్జెంటీనాలో స్టేడియం. అక్కడ అరిచిన పిల్లల్లో చాలామందికి నాలాగే మొదటి 'వన్ టూ త్రీ ఫోర్' సీజేదే అయి ఉండాలి. వాళ్లకి అతను ఎవరికీ బదులు కాదు.

ఇంకో సంగతి. జానీ పుట్టింది 1948 అక్టోబర్ 8. సీజే పుట్టింది 1965 అక్టోబర్ 8. ఒకే రోజు, సరిగ్గా 17 ఏళ్ల తేడా. 2004 సెప్టెంబర్‌లో లాస్ ఏంజెలెస్‌లో, బ్యాండ్ పుట్టి ముప్పై ఏళ్లయిన సందర్భంగా క్యాన్సర్ పరిశోధనకి నిధుల కోసం కచేరీ పెట్టారు. జానీ అప్పటికి మంచంలో ఉన్నాడు, రాలేకపోయాడు. సీజే వెళ్లి బేస్ తగిలించుకున్నాడు. మూడు రోజులకి జానీ పోయాడు. జైల్లో ఉన్నప్పుడు ఫోన్ చేసిన మనిషికి అతను చేయగలిగింది అది, చేశాడు.

చిన్నా, నీ సాధన ఎంతవరకు వచ్చింది?

తెనాలి_మనవరాలు
ఆదివారం, ఉదయం 9:15

మా అబ్బాయిచేత ఆ 1992 పాట పెట్టించుకుని విన్నాను. మాటలు అర్థం కాలేదు కానీ ఆ కుర్రాడు ఎక్కడ ఆగుతున్నాడో తెలిసింది. తాతయ్య ఉంటే వినిపించేదాన్ని.

చిన్నా_కడప
ఆదివారం, రాత్రి 9:50

అన్నా, మీరు చెప్పినట్టే మెట్రోనోమ్ 180 పెట్టి కిందికే కొట్టినా. నిన్న 40 సెకన్లకే చెయ్యి ఆగిపోయింది. మీరు రాసిన చోటే మంట, మోచేతి కింద, లోపల. పొద్దున లేసి పట్టు వదులు చేసి కొడితే 55 వచ్చింది. మధ్యాహ్నం మళ్లా 50కి పడిపోయింది. సాయంత్రం 70.

మా తమ్మునికి ఏడేండ్లు. ఎదురుగా మంచం మీద కూసొని నేను మొదలుపెట్టేముందు ప్రతిసారి వాడే అరుస్తాండాడు, వన్ టూ త్రీ ఫోర్ అని. నేను ఆపినా వాడు ఆపడంల్యా.